లెక్కకు మిగిలిన వెలుగు

విశాఖపట్నం నుంచి చోడవరం మీదుగా వచ్చి ఘాట్‌రోడ్డు ఎక్కితే, నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం తరవాత పాడేరు వస్తుంది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణం. చుట్టూ కాఫీ తోటలూ, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లూ, పసుపు చేలూ, వాటి వెనక కొండల మీద కొండలూ ఉంటాయి. నేను పుట్టిందీ, ఇప్పుడు పిల్లలకు సైన్సు పాఠాలు చెబుతున్నదీ ఈ కొండల్లోనే.

కిందటి ఫాల్గుణ అమావాస్యనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు హాస్టలు పిల్లలను లేపి ఆరుబయటికి తీసుకుపోయాను. ఆకాశం బాగా తేటగా ఉన్నది. దక్షిణాన ధనూరాశి దగ్గర పాలపుంత పిండి చల్లినట్టు తెల్లగా కనిపిస్తున్నది.

"ఆ వైపున, 26,000 కాంతి సంవత్సరాల దూరాన, మన పాలపుంతకు కేంద్రం ఉన్నది. అక్కడ నక్షత్రాలేకాక కృష్ణపదార్థం కూడా దట్టంగా ఉండాలని శాస్త్రజ్ఞులు అంటారు. అది ఎవరికీ కనపడదు," అన్నాను.

ఏడవ తరగతి పిల్ల ఒకతె వెంటనే అడిగింది: "కనపడనిది ఉందని ఎలా చెబుతారు, మేష్టారూ? అది దెయ్యం కథ అవదా?"

మిగతా పిల్లలందరూ నవ్వారు. కాని నాకు నవ్వు రాలేదు. అది మంచి ప్రశ్న. ఆ చలిలో నిలబడి దానికి సరి అయిన జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు బాకీపడిన జవాబు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మా కొండల్లో చేలు కాసే పిల్లలు ఒడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలుతారు. ఒడిసెలను మెల్లగా తిప్పితే తాడు చేతిని కొద్దిగానే లాగుతుంది. జోరుగా తిప్పితే తాడు వేళ్ళను కోస్తుంది. రాయి ఎంత వేగంగా తిరిగితే దాన్ని పట్టి ఉంచటానికి అంత బలం కావాలి. తాడు తెగిందా, రాయి ఎటో ఎగిరిపోతుంది.

గెలాక్సీలో నక్షత్రాలు కూడా అలాగే కేంద్రం చుట్టూ తిరుగుతాయి. మన సూర్యుడే సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడు. నక్షత్రాలకు తాడు లేదు. వాటిని పట్టి ఉంచేది గురుత్వాకర్షణ. ఆ ఆకర్షణ పదార్థం నుంచి పుడుతుంది. ఎంత పదార్థం ఉంటే అంత ఆకర్షణ.

1933లో ఫ్రిట్జ్ జ్వికీ అనే శాస్త్రజ్ఞుడు కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించాడు. ఆ గుంపులో గెలాక్సీలు ఎంత వేగంగా పోతున్నాయంటే, అక్కడ కనపడే పదార్థం వాటిని పట్టి ఉంచటానికి ఏ మాత్రం చాలదు. అయినా గుంపు చెదరలేదు. 1970లో వెరా రూబిన్ అనే ఆమె, కెంట్ ఫోర్డ్ అనే ఆయనతో కలిసి, మనకు పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచింది. కేంద్రానికి దూరంగా పోయినకొద్దీ వేగం తగ్గుతుందని అందరూ అనుకున్నారు. అది తగ్గలేదు. ఇతర గెలాక్సీలలో కూడా ఇలాగే ఉన్నదని ఆ తరవాత తేలింది.

అంటే రాయి జోరుగా తిరుగుతున్నది, తాడు చూడబోతే నూలుపోగులాగా ఉన్నది. కాబట్టి మన కంటికి కనపడని తాళ్ళు ఇంకా ఉండాలి. ఆ కనపడనిదానికే కృష్ణపదార్థం అని పేరు. పేరును బట్టి అది నల్లగా ఉంటుందని అనుకోకూడదు. అది వెలుగును ఇవ్వదు, అడ్డుకోదు. వెలుగు దానిలోనుంచి పోతుంది. విశ్వంలో అది మనకు తెలిసిన పదార్థానికి సుమారు 5 రెట్లు ఉన్నదని లెక్కలు చెబుతున్నాయి.

ఇది దెయ్యం కథ ఎందుకు కాదంటే, దెయ్యానికి కొలత లేదు. దీనికి కొలత ఉన్నది. ఎక్కడ ఎంత ఉండాలో లెక్కగట్టి చెప్పవచ్చు.

అయితే అది దేనితో తయారయింది? ఇక్కడే గామా కిరణాల సంగతి వస్తుంది.

ముందు మనకు బాగా తెలిసిన ఒక విషయం చెబుతాను. ఎలక్ట్రానుకు పాజిట్రాను అనే జోడు ఉన్నది. రెండింటి బరువూ ఒకటే, విద్యుదావేశం మాత్రం ఎదురు. 1928లో డిరాక్ రాసిన సమీకరణంలో దీని జాడ దొరికింది. 1932లో కార్ల్ ఆండర్సన్ దీన్ని ప్రయోగంలో చూశాడు. ఈ రెండూ కలుసుకుంటే రెండూ మాయమవుతాయి. వాటికి బదులు రెండు గామా కిరణాలు పుట్టి చెరొకవైపూ పోతాయి. దీన్ని పరస్పర వినాశం అంటారు. మాట భయంకరంగా ఉన్నదిగాని, పెద్ద ఆస్పత్రులలో పెట్ స్కాన్ చేసేటప్పుడు రోగి ఒంట్లో జరిగేది ఇదే. ఆ గామా కిరణాలను పట్టి రోగం ఎక్కడ ఉన్నదో కనిపెడతారు.

కృష్ణపదార్థం ఏదో కొత్తరకం కణాలతో తయారయిందని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. ఆ కణాలు కూడా రెండేసి ఢీకొన్నప్పుడు నశించి, మామూలు కణాలుగానూ గామా కిరణాలుగానూ మారవచ్చు. అలా అయితే, కనపడని వస్తువు తాను నశించేటప్పుడు వెలుగు ఇస్తుందన్నమాట. ఆ వెలుగు మామూలు వెలుగు కాదు. కంటికి కనపడే వెలుగుకన్నా ఒక్కొక్క గామా రేణువుకు కోట్ల రెట్లు శక్తి ఉంటుంది.

కణాలు ఢీకొనాలంటే గుంపుగా ఉండాలి. ఎంత గుంపుగా? సంతను గుర్తుకు తెచ్చుకోండి. సంతలో 10 మంది ఉంటే, ఇద్దరేసి ఎదురుపడే జతలు 45. మనుషులు రెట్టింపయి 20 మంది అయితే జతలు 90 కావు, 190. అంటే ఇంచుమించు నాలుగు రెట్లు. కావలిస్తే కాగితం మీద చుక్కలు పెట్టి గీతలు కలిపి లెక్కపెట్టండి. కృష్ణపదార్థం కూడా ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ ఢీకొనటాలు చాలా ఎక్కువగా ఉంటాయి. అందుచేత శాస్త్రజ్ఞులు పాలపుంత కేంద్రం వైపు చూశారు.

చూస్తే అక్కడ గామా కిరణాలు ఉన్నాయి కూడా! మరి ఇంకేం, దొరికినట్టే గదా అని మీరు అడగవచ్చు. దొరికిందని వాళ్ళు ఎందుకు అనలేదో చెప్పాలంటే నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి.

అప్పుడు నాకు పదేళ్ళు. మా ఊరు పాడేరుకు రెండు కొండలూ ఒక గెడ్డా అవతల ఉండేది. పట్టుమని ఇరవై ఇళ్ళు. మా చెల్లెలికి నాలుగు రోజులుగా చలిజ్వరం. మా అయ్య పసుపు కావిడి వేసుకుని సంతకు పోయాడు. పసుపు అమ్మి, మందు తీసుకుని పొద్దు వాలకముందే తిరిగి రావాలి. చీకటిపడింది, అయ్య రాలేదు. చెల్లెలి ఒళ్ళు పెనంలాగా కాలుతున్నది. మాట కూడా తడబడుతున్నది.

ఇక లాభం లేదని, ఆ రాత్రే పిల్లను ఆస్పత్రికి మోసుకుపోదామని ఊళ్ళోవాళ్ళు నలుగురు వచ్చారు. వెదురు బద్దకు దుప్పటి కట్టి డోలీ తయారుచేశారు. సరిగా అప్పుడు నాకు ఎదరకొండ మీద ఒక ఎర్రని వెలుగు కనిపించింది. చూస్తూండగా అది కిందికి కదిలింది.

"అయ్య వస్తున్నాడు! అదిగో కాగడా!" అని కేక వేశాను.

డోలీ మోసేవాళ్ళు ఆగిపోయారు. "మందు వస్తున్నప్పుడు ఈ చీకట్లో పిల్లను గెడ్డ దాటించటం దేనికి? కాసేపు చూద్దాం," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. మా అమ్మ పొయ్యి రాజేసి గంజి పెట్టింది. నేను అరుగు మీద నిలబడి, అందరికన్నా ముందు నేనే చూశానని గర్వపడుతున్నాను.

ఒక గంట గడిచింది. మరో అరగంట గడిచింది. ఎవరూ రాలేదు. పక్క ఊరికి పోయిన మా తాత అప్పుడు తిరిగి వచ్చాడు. సంగతి విని, నన్ను పక్కన నిలబెట్టుకుని ఎదరకొండకేసి చూశాడు.

"అది పోడు మంటరా," అన్నాడు.

కొండవాలు మీద చెట్లు కొట్టి, ఎండినాక తగలబెట్టి, ఆ బూడిదలో చోళ్ళూ సామలూ చల్లే సాగును పోడు అంటారు. వేసవి ముందు మా కొండల మీద ఆ మంటలు చాలా ఉండేవి. ఆ రాత్రి కాలుతున్న దుంగ ఒకటి వాలు మీద దొర్లింది. నాకు అది నడిచే కాగడా అయింది.

తాత నన్ను కొట్టలేదు. డోలీని వెంటనే బయలుదేరదీసి, నన్ను కూర్చోబెట్టి ఇలా చెప్పాడు:

"ఒరే, కేక వేసే ముందు తెలిసిన మంటలు లెక్కపెట్టాలి. ఆ మూడూ పైఊరి దీపాలు. ఈ రెండూ పోడు మంటలు. ఆ తోపులోది జీలుగుకల్లు తీసేవాడి నెగడు. ఇవన్నీ తీసెయ్యి. ఏమన్నా మిగిలిందా?"

"లేదు తాతా."

"అయితే ఆ కొండకేసి చూడకు. అక్కడ మంటలు ఎక్కువ, కళ్ళను మోసం చేస్తాయి. గెడ్డకేసి చూడు. అక్కడ ఇల్లు లేదు, పోడు లేదు, జీలుగుచెట్టు లేదు. అక్కడ వెలుగు కనబడిందా, అది దారినపోయే మనిషిదే."

గెడ్డ వైపు కటిక చీకటి. డోలీ వాళ్ళ కాగడా ఒకటే మెల్లగా దిగిపోతున్నది. చాలాసేపటికి గెడ్డ అవతలి ఒడ్డున ఇంకొక వెలుగు, చిన్నది, పుట్టింది. నేను కేక వెయ్యలేదు. అది చెట్ల చాటున మాయమై మళ్ళీ కనిపించింది. దారి వెంటే వచ్చింది. రెండు వెలుగులూ గెడ్డ దగ్గర కలుసుకుని ఆగాయి. అప్పుడు తాత, "ఇప్పుడు మీ అమ్మతో చెప్పు," అన్నాడు.

మందు చెల్లెలికి గెడ్డ ఒడ్డునే వేశారు. అయ్య కూడా డోలీ వెంట ఆస్పత్రికి పోయాడు. చెల్లెలు బతికింది. కాని నా కేక వల్ల గంటన్నర పోయింది. ఆ గంటన్నరలో ఏమైనా జరగవచ్చు. జరగలేదు, అంతే. ఆ సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆకాశానికి వద్దాం.

2008 జూన్ 11న ఫెర్మి అనే ఉపగ్రహాన్ని అమెరికా నుంచి పైకి పంపారు. గామా కిరణాలను మన వాతావరణం భూమి దాకా రానివ్వదు. అందుచేత వాటిని వాతావరణానికి పైన ఉండి చూడాలి. ఫెర్మి భూమి చుట్టూ తిరుగుతూ ఆకాశాన్నంతా గామా కిరణాలలో చూస్తుంది. 2009లో లీసా గుడ్‌ఇనఫ్, డాన్ హూపర్ అనే ఇద్దరు ఆ లెక్కలు చూసి, పాలపుంత కేంద్రం వైపు నుంచి అనుకున్నదానికన్నా ఎక్కువ గామా కిరణాలు వస్తున్నాయని గుర్తించారు. కృష్ణపదార్థం నశిస్తే ఇలాంటి వెలుగే రావచ్చు.

కాని పాలపుంత కేంద్రం మా ఎదరకొండ లాంటిది. అక్కడ తెలిసిన మంటలు చాలా ఉన్నాయి. పేలిపోయిన నక్షత్రాల శకలాలు ఉన్నాయి. వాయుమేఘాలను వేగంగల కణాలు ఢీకొనటం వల్ల పుట్టే గామా కిరణాలు ఉన్నాయి. ఇవికాక పల్సార్లు ఉన్నాయి. చచ్చిపోయిన పెద్ద నక్షత్రం ఒక ఊరంత ముద్దగా కుదించుకుపోయి గిర్రున తిరుగుతూ ఉంటే దాన్ని పల్సార్ అంటారు. కొన్ని పల్సార్లు సెకనుకు వందలసార్లు తిరుగుతాయి. అవి ఇచ్చే గామా కిరణాల శక్తి కూడా ఇంచుమించు ఈ ఎక్కువ వచ్చిన కిరణాల శక్తిలాగానే ఉంటుంది.

అందుచేత శాస్త్రజ్ఞులు ఆ వెలుగు పొగలాగా సమంగా పరుచుకుని ఉన్నదా, లేక చుక్కలు చుక్కలుగా ఉన్నదా అని చూశారు. సమంగా ఉంటే కృష్ణపదార్థం కావచ్చు. చుక్కలుగా ఉంటే పల్సార్లు కావచ్చు. 2015లో కొందరు చుక్కలుగా ఉన్నదన్నారు. తరవాత వేరే వాళ్ళు ఆ లెక్కలో లోపాలు చూపారు. ఈ వాదం ఇంకా తెగలేదు.

దుంగ దొర్లిన సంగతి కూడా ఒకటి జరిగింది. 2012లో క్రిస్టోఫ్ వెనిగర్ అనే ఆయన ఫెర్మి లెక్కల్లో ఒకే ఒక శక్తి దగ్గర గామా కిరణాలు పోగుపడి ఉండటం చూపాడు. ఆ శక్తి 13,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. తెలిసిన మంటలేవీ అలా ఒకే శక్తి దగ్గర గీత గీసినట్టు వెలుగు ఇవ్వవు. అందరికీ ఆశ పుట్టింది. కాని ఇంకా కిరణాలు పోగుచేసి చూసినకొద్దీ ఆ గీత వెలిసిపోయింది. వెనిగర్ తప్పు చేశాడని కాదు. ఆయన చూసినదాన్ని అనుమానంతోనే చెప్పాడు. అందుచేత ఎవరి డోలీ ఆగలేదు.

మరి గెడ్డ ఏది? పాలపుంత చుట్టూ చిన్న చిన్న గెలాక్సీలు తిరుగుతున్నాయి. వాటిని మరుగుజ్జు గెలాక్సీలు అంటారు. వాటిలో నక్షత్రాలు తక్కువ, వాయువు ఇంచుమించు లేదు, కృష్ణపదార్థం మాత్రం ఎక్కువ. అక్కడ ఇల్లూ పోడూ లేవన్నమాట. అక్కడినుంచి గామా కిరణాలు వస్తే వాటికి వేరే కారణం వెతకటం కష్టం. ఫెర్మి ఏళ్ళ తరబడి అలాంటి గెలాక్సీలను చూసింది. కాదనటానికి వీలులేని వెలుగు ఒకటీ ఇంతవరకు కనపడలేదు.

కనపడకపోవటం కూడా ఒక ఫలితమే. "ఇంత తరచుగా ఢీకొని నశించే కణాలయితే ఈపాటికి కనపడేవి, కాబట్టి అలాంటివి కావు," అని కొన్నింటిని కొట్టివేయవచ్చు. గెడ్డ దగ్గర చీకటిగా ఉన్నంతసేపూ అయ్య ఇంకా అక్కడికి రాలేదని మాకు తెలిసినట్టే ఇదీను.

2025 నవంబరులో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన టొమొనోరి టొటాని అనే శాస్త్రజ్ఞుడు, ఫెర్మి పోగుచేసిన 15 ఏళ్ళ లెక్కలనుంచి పాలపుంత చుట్టూ గుండ్రంగా ఒక గామా వెలుగు ఉన్నదనీ, అది కృష్ణపదార్థానిది కావచ్చనీ ప్రకటించాడు. ఇతరులు దాన్ని వేరువేరు దారుల్లో పరీక్షించాలి. మరుగుజ్జు గెలాక్సీలలో కూడా అదే రకం వెలుగు కనపడితే అప్పుడు ఆ మాటకు బలం వస్తుంది.

ఈ వెతుకులాటలో మన తెలుగునేల మీద చేసిన సాధనం కూడా ఒకటి ఉన్నది. దాని పేరు మేస్. భాభా అణు పరిశోధన కేంద్రం వారి కోసం హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ దీన్ని తయారుచేసింది. ముందు హైదరాబాదులోనే బిగించి చూసి, విడదీసి, లడఖ్‌లోని హాన్లేకు చేర్చారు. అక్కడ సుమారు 4,270 మీటర్ల ఎత్తున మళ్ళీ బిగించారు. దాని అద్దాల పళ్ళెం అడ్డుకొలత 21 మీటర్లు. పళ్ళెంలో 356 పలకలున్నాయి. 2024 అక్టోబరు 4న దాన్ని ప్రారంభించారు.

గామా కిరణాలు నేలకు రావన్నప్పుడు నేల మీద దుర్భిణి దేనికి? గామా కిరణం వాతావరణాన్ని తాకగానే ఎలక్ట్రానులూ పాజిట్రానులూ జల్లులాగా పుడతాయి. అవి గాలిలో వెలుగు పోయే వేగంకన్నా ఎక్కువ వేగంగా పోతూ నీలి మెరుపు ఇస్తాయి. ఆ మెరుపు సెకనులో 100 కోట్ల వంతులు చేస్తే అందులో ఏ ఐదారు వంతులో ఉంటుంది. మేస్ పట్టేది ఆ మెరుపునే. అందుకు నల్లని రాత్రులు కావాలి. వెన్నెల దానికి అడ్డు.

అక్కడ కూడా తాత లెక్కే పనిచేస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు కూడా అలాంటి మెరుపులే ఇస్తాయి. ఒక గామా కిరణం వచ్చేలోగా వేలకొద్దీ ప్రోటాన్లు వస్తాయి. మెరుపు ఆకారం చూసి ఒక్కొక్కదాన్నీ తీసివేస్తూ పోవాలి. మిగిలినదే గామా కిరణం. ఆ తరవాత అది పల్సార్‌దా, మరొకదానిదా అని మళ్ళీ తీసివేయాలి. అన్నీ తీసివేశాక ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు కృష్ణపదార్థం మాట ఎత్తవచ్చు.

శాస్త్రజ్ఞులు "కావచ్చు, ఇంకా చూడాలి" అంటూంటే కొందరికి విసుగు పుడుతుంది. నాకు పుట్టదు. తొందరపడి వేసిన కేక ఖరీదు ఎంతో నేను పదేళ్ళప్పుడే చూశాను.

ఇదంతా మొన్న ఆ ఏడవ తరగతి పిల్లకు చెప్పాను. ఆమె అంతా విని, "అయితే ఇంకా దొరకలేదన్నమాట," అన్నది.

"లేదమ్మా. ఉన్నదని తెలుసు. ఏమిటో తెలియదు."

"మీ చెల్లెలికి ఆ రాత్రి గుర్తున్నదా, మేష్టారూ?"

"లేదు. దానికి గంజి సంగతి ఒక్కటే గుర్తు," అన్నాను.

తరవాతి అమావాస్యకు పిల్లలను మళ్ళీ ఆరుబయటికి తీసుకుపోయాను. ఆ పిల్ల నోటుపుస్తకమూ పెన్సిలూ తెచ్చుకున్నది. అందరూ తలలెత్తి ఆకాశం చూస్తున్నారు. ఆమె మాత్రం ముందుగా చుట్టూ కొండలను చూసి, కనపడే వెలుగులను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, ఏది దేనిదో రాసుకున్నది. మొత్తం పదకొండు. ఆ తరవాతే తల ఎత్తింది.